డాక్టరమ్మ రెండు సీట్ల బండి

నేను ఒక చిన్న ఎర్ర కారును. రెండే సీట్లు, గుడ్డ పైకప్పు, ఫైబర్ ఒళ్లు. కోయంబత్తూరు పక్కన ఒక షెడ్డులో కొద్దిమంది మనుషులు నన్ను చేతులతో తయారుచేశారు. ఒక మామూలు కారు ఇంజిన్ తెచ్చి నా సీట్ల వెనక బిగించి, అక్కర్లేదనిపించిన ప్రతిదాన్నీ తీసి పక్కన పెట్టారు. ఏసీ లేదు, వెనక సీటు లేదు, సామాను పెట్టుకునే చోటు లేదు. బరువు తగ్గితే పరుగు దానంతటదే వస్తుందనేవాడు నన్ను గీసిన ఇంజనీరు. బాగా మేసిన ముర్రా గేదె కన్నా నేను కొంచెమే ఎక్కువ తూగుతానని తరువాత నా యజమానురాలు చెప్పేది. ఆమె పశువుల డాక్టరు కాబట్టి ఆ మాట నమ్మవచ్చు.

నన్ను మొదట కొన్నది బెంగుళూరులో మహేంద్ర భట్ అనే ఆయన. నా మీద ఆయనకెంత ప్రేమంటే, బయటికి తీయడానికే భయపడేవాడు. ఆదివారం పొద్దున ముసుగు తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, కాలనీ చుట్టూ ఒకసారి తిప్పి, మళ్లీ తుడిచి, ముసుగు కప్పేవాడు. పరిగెత్తడానికి పుట్టినదాన్ని తుడిపించుకోవడంలో ఆరితేరాను. ఆయనకు కవలలు పుట్టాక రెండు సీట్లు చాలవని ఇంట్లో అందరికీ ఒక్కసారే తెలిసివచ్చింది. నన్ను అమ్మకానికి పెట్టారు.

నసీమా కదిరి నుంచి బస్సులో వచ్చింది. నలభైకి దగ్గరపడిన మనిషి. ఏళ్ల తరబడి స్కూటర్ మీద పల్లెలు తిరిగి, ఎండకు మొహం కమిలిపోయింది. కాలేజీ రోజుల్లో ఒకసారి రోడ్డు మీద ఇలాంటి కారు దూసుకుపోతుంటే చూసిందట, అప్పటి నుంచి మనసులో పెట్టుకుందట. ఒక చుట్టు నడిపి వచ్చి, దిగకుండానే సరేనంది.

"వారానికి ఒకసారైనా బయటికి తీయండి మేడమ్," అన్నాడు భట్.

"రోజూ తీస్తానండి. స్కూటర్ అమ్మేశాను, నాకు వేరే బండి లేదు."

కూతురిని దూరదేశం పంపుతున్నవాడిలా ఆయన నా బానెట్ మీద చెయ్యి వేసి చాలాసేపు తీయలేదు.

కదిరిలో నసీమా తల్లి ఖాతూన్‌బీ వీధిలోకి వచ్చి నన్ను చూసి బుగ్గలు నొక్కుకుంది. "ఇదేందే, చెప్పు మాదిరి నేలకు అతుక్కోని ఉండాది! నలుగురు మనుషులు యాడ కూసుంటారు?"

"నలుగురు యాడుండారమ్మీ మనింట్లో? మందులపెట్టె పడితే చాలు."

అలా మొదలైంది నా అసలు బతుకు. పక్క సీట్లో మందులపెట్టె, దానికి సీటుబెల్టు. కాళ్ల దగ్గర తాళ్లు, గమ్‌బూట్లు, బకెట్టు. స్పీడు బ్రేకర్లను నేరుగా ఎక్కితే నా కడుపు గీసుకుంటుంది కాబట్టి, ఒక చక్రం తరువాత ఒక చక్రం ఐమూలగా ఎక్కించడం నేర్చుకుంది. వెనక వచ్చే ఆటోవాళ్లు తిట్టుకునేవాళ్లు. గుడ్డ పైకప్పు ఎడమవైపు కారేది. అక్కడ తువ్వాలు పెట్టింది. ఎండాకాలం మధ్యాహ్నాలు నాలో కూర్చోవడమంటే పెనం మీద కూర్చోవడమే. అయినా పట్నం దాటి కొండల మధ్య మెలికలు తిరిగే రోడ్డు రాగానే ఆమె భుజాలు వదులయ్యేవి, గేరు మార్చే చెయ్యి చురుకయ్యేది. ఆ కాసేపటి కోసమే మిగతాదంతా భరించేదనుకుంటాను. నేనూ అంతే.

ఒకసారి కాలు విరిగిన మేకపిల్లను ఆస్పత్రికి తెచ్చాం. అది నా సీటు అంచు కొరికింది. భట్‌కు తెలిస్తే అన్నం మానేసేవాడు.

నసీమా పై అధికారి విశ్వనాథరెడ్డికి మాత్రం నేను గిట్టలేదు. చెడ్డవాడు కాదు, జాగ్రత్తపరుడు. "ఇది ఆటబొమ్మమ్మా. వానాకాలం యాడో ఒకచోట ఇరుక్కుంటావు. మంచి బండి చూసుకో, లేకుంటే జిల్లా ఆఫీసులో సీటుకు నీ పేరు రాసి పంపిస్తా," అన్నాడు.

పల్లెలు వదిలి కుర్చీలో కూర్చోవడమంటే ఆమెకు ప్రాణం పోయినట్టే. "ఈ వానాకాలం చూడండి సార్," అంది, అంతే.

ఆ వానాకాలం గట్టిగానే వచ్చింది. ఒక మధ్యాహ్నం కొండకిందపల్లి నుంచి ఓబులమ్మ ఫోను చేసింది. ఒంటరి మనిషి, ఉన్నది ఒకే ఆవు. దూడ తల బయటికొచ్చి, ముందరికాలు లోపల మడతపడి ఆగిపోయిందట. "బిన్నే రా తల్లీ, నోరులేనిది నాపక్క చూస్తాండాది," అని ఏడుస్తోంది.

నసీమా నన్ను నిజంగా పరిగెత్తించింది. పల్లె ఇంకా కొంత దూరముందనగా రోడ్డు ఆగిపోయింది. కల్వర్టు పక్క మట్టి వానకు కొట్టుకుపోయి, రోడ్డుకు అడ్డంగా మంచమంత వెడల్పు గండి పడింది. వరద తీసిపోయింది కానీ అడుగున మోకాలి లోతు బురదనీళ్లు. ఒక లారీ అప్పటికే వెనక్కి తిరుగుతోంది. ఆమె దిగి, పెట్టె ఒక చేత్తో, తాళ్ల సంచి ఒక చేత్తో పట్టుకుని, దూరంగా పల్లె వైపు చూసింది. ఆ బరువుతో ఆ బురదలో నడిచి చేరేసరికి పని అయిపోయి ఉంటుంది. నన్ను అక్కడ వదిలేస్తుందనుకున్నాను. వదిలేయడమే న్యాయం కూడా.

వాన వల్ల పని ఆగి, చెనక్కాయలు పీకే ఆడవాళ్లు ఒక గుంపుగా గట్టు మీద కూర్చుని ఉన్నారు. నసీమా వాళ్ల వైపు తిరిగింది.

"అక్కా, దీన్ని ఎత్తి అవతల పెడదామా?"

వాళ్లలో పెద్దదైన మారెక్క పకపకా నవ్వింది. "కారునా? పెండ్లికూతుర్ని ఎత్తినట్ల ఎత్తల్లా ఏమి?"

"శానా తేలికక్కా ఇది. ఓబులమ్మ ఆవు ఈనలేక సస్తాండాది."

నవ్వు ఆగిపోయింది. మారెక్క కొంగు నడుముకు చెక్కి గండిలోకి దిగింది. మిగతావాళ్లూ దిగారు. "వెనకపక్కే బరువు, ఇంజిను ఆడుండాది," అంటూ నసీమా తానే వెనక చేరింది. నా కిందికి చేతులు వచ్చాయి, మట్టి చేతులు, గరుకు చేతులు. "ఏయ్, లేపండి!" అన్న కేక వినిపించింది. నా చక్రాలు నేల వదిలాయి. నా జన్మలో అంత భయం, అంత గర్వం ఎన్నడూ ఎరగను. గండి మధ్యలో ఎవరికో కాలు జారింది. నా వెనక మూల రాయికి తగిలి ఫెళ్లున పగిలింది. సైలెన్సరు ఊడి నీళ్లలో పడింది.

"అయ్యో, పగిలిపాయనే!" అంది మారెక్క.

"పగిలితే పగలనీ అక్కా, వదలొద్దు!"

అవతలి గట్టున నన్ను దించారు. నసీమా పెట్టెకు బెల్టు కూడా పెట్టలేదు. సైలెన్సరు లేని నా అరుపుకు పల్లె పల్లెంతా బయటికొచ్చింది.

ఓబులమ్మ వాకిట్లో ఆగాను, కాబట్టి అంతా చూశాను. ఆవు పక్కకు పడుకుని ఉంది. నసీమా భుజం దాకా చెయ్యి కడుక్కుని, దూడను మెల్లగా లోపలికి నెట్టి, మడతపడిన కాలు వెతికి, గిట్టను అరచేత్తో కప్పి ముందుకు తెచ్చింది. తాడు వేసింది. ఆవు ముక్కినప్పుడల్లా లాగింది, ఆగింది, లాగింది. దూడ జారి నేల మీద పడి కదల్లేదు. ఆమె దాని ముక్కులో గడ్డిపుల్ల తిప్పింది, తలపై చల్లనీళ్లు పోసింది, గోనెపట్టాతో ఒళ్లు రుద్దుతూనే ఉంది. "చాల్లే తల్లీ, ఆవన్నా దక్కింది," అంది ఓబులమ్మ. నసీమా ఆపలేదు. చివరికి దూడ తుమ్మింది. ఓబులమ్మ దాన్నీ, నసీమానూ కలిపి కావలించుకుని ఏడ్చింది.

గండి పూడ్చాకే మేం కదిరి చేరాం. తరువాతి వారం విశ్వనాథరెడ్డి వచ్చి నా పగిలిన మూల చూశాడు. కథంతా ఆయనకు ముందే చేరింది.

"ఆ ఆడోళ్లు లేకుంటే ఏం జేసేదానివమ్మా?"

"నడిచేదాన్ని సార్. ఆలస్యమయ్యేది. ఆవు సచ్చేదేమో." ఆమె దాచలేదు. "కానీ జీపు తీసుకుపోయింటే దాన్ని ఎవురూ ఎత్తలేరు సార్."

ఆయన చాలాసేపు నా చుట్టూ తిరిగాడు. "నీతో ఎవరు మాట్లాడతారమ్మా," అన్నాడు. ఆఫీసు సీటుకు ఆమె పేరు పంపలేదు. నేను మంచి బండినని మాత్రం ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోడు.

పగులుకు అతుకు వేసిన మెకానిక్ బాషా నసీమాను వేడుకున్నాడు. "రంగు పట్టల్లంటే ఇంకో వారం వదలండి మేడమ్. ఇట్ల తెల్లమచ్చతో తిరిగితే బాగుండదు. నా పేరు పోతాది."

ఆమె అప్పటికే లోపల కూర్చుని పక్క సీట్లో పెట్టెకు బెల్టు పెడుతోంది. కొండ మీది మందలకు ఆ పొద్దున టీకాలు వేయాలి.

"గొర్రెలేం రంగు చూడవులే అన్నా," అని తాళం తిప్పింది.