సామ్యేలు మాస్టారి వేపపుల్ల

క్రిస్మస్ ఆరాధనలో పాస్టరుగారు కళ్లు మూసుకుని, "దేవా, ఈ నిశ్శబ్దంలో నీ స్వరం వినిపించు" అన్న మరుక్షణం చర్చి మొత్తానికీ వినిపించింది సామ్యేలు దగ్గు.

అది మామూలు దగ్గు కాదు. పొట్టలో ఎక్కడో బయల్దేరి, దారిలో అందరినీ పలకరించుకుంటూ వచ్చి, గొంతులో తిష్ట వేసే దగ్గు. పాస్టరుగారు ఓపిగ్గా ఆగారు. దగ్గు కూడా ఆగింది. ఆయన నోరు తెరిచారు. అదీ తెరిచింది. ఇక లాభం లేదనుకుని ఆయనే "ఆమెన్" అనేశారు. పిల్లలు కిసుక్కున నవ్వారు. పాటల బృందంలో ముందు వరసలో ఉన్న రాహేలు మాత్రం మొగుడి వైపు తిరిగి చూడలేదు. చూసి ఉంటే బాగుండేదనిపించింది సామ్యేలుకి.

తెనాలిలో అతను డ్రైవింగ్ స్కూల్ నడుపుతాడు. స్కూలంటే ఒక చిన్న గది, గోడకి ట్రాఫిక్ గుర్తుల బోర్డు, బయట ఎర్రటి L రాసిన కారు. సగం ఊరికి స్టీరింగ్ పట్టుకోవటం నేర్పిన చెయ్యి అది. ఆ చేతిలో ఎప్పుడూ ఒక సిగరెట్ ఉండేది. "జనం క్లచ్చి వదిలే తీరు పక్కన కూర్చుని చూడండి, మీకూ కాల్చబుద్ధవుతుంది" అనేవాడు ఎవరైనా మందలిస్తే.

ఆ రోజు బిర్యానీ తింటూ ఉండగా రాహేలు తమ్ముడు వినయ్ కుమార్, దుబాయ్ నుంచి సెలవుకి వచ్చినవాడు, జేబులోంచి పెన్నులాంటి వస్తువొకటి తీసి బావ చేతిలో పెట్టాడు.

"నువ్వు మానక్కర్లేదు బావా. మారితే చాలు. నిప్పుండదు, బూడిదుండదు, కంపుండదు. దీన్ని వేప్ అంటారు."

"వేపా? చేదుగా ఉంటుందేమో!"

"మామిడిపండు రుచి బావా."

సామ్యేలు ఒక్క దమ్ము పీల్చాడు. వేసవి సెలవుల్లో అమ్మమ్మగారింటి గడ్డివాములో మాగబెట్టిన రసాలు గుర్తొచ్చాయి. ఆ సాయంత్రమే సిగరెట్ పెట్టె తీసుకెళ్లి కాలవలో పారేసి, ఊరు జయించినంత ఠీవిగా ఇంటికొచ్చాడు.

తెల్లారి టీ తాగేసరికి తెలిసింది అసలు సంగతి. టీ అయిపోయింది గానీ తాగినట్టు లేదు. భోజనం అయింది గానీ తిన్నట్టు లేదు. వేప్ పీల్చాడు. పొగ వచ్చింది, తియ్యగానే ఉంది, కానీ చేతికి పని తక్కువైంది. పెట్టె తట్టటం, అగ్గిపుల్ల గీయటం, గాలికి అరచెయ్యి అడ్డం పెట్టటం, బూడిద రాల్చటం... ఇంత తతంగం ఉండేది. ఇప్పుడా చెయ్యి మాటిమాటికీ చొక్కా జేబు మీదికి పోయి, అక్కడేమీ దొరక్క వెనక్కి వచ్చేది. సిగరెట్ మీద మనసు పుట్టినప్పుడల్లా వేప్ పీల్చేవాడు. అది తీరేది కాదు. మళ్లీ పీల్చేవాడు. సిగరెట్టయితే ఒకటి కాలిపోయాక ఆగక తప్పదు. దీనికి అయిపోవటమనేది లేదాయె. కొద్ది రోజులకే స్నానాల గదిలో, గేటు దగ్గర, పేపరు చదువుతూ, ఎక్కడ చూసినా నోట్లో అదే.

"పొద్దస్తమానం ఆ వేపపుల్ల నోట్లో పెట్టుకుని తిరుగుతారేంటండీ, పళ్లు తోముకోవటం ఇంకా అవలేదా?" అంది రాహేలు. ఇంట్లో దానికి ఆ పేరే ఖాయమైపోయింది.

అప్పుడే స్కూల్లో చేరింది కనకదుర్గ. నందివెలుగులో పొలాలున్న కుటుంబం. యాభై దాటిన మనిషి. భర్త పూర్ణచంద్రరావుకి చూపు మందగించి, బండి నడపొద్దని కళ్ల డాక్టరు చెప్పేశాడు. కారు వసారాలో గుడ్డ కప్పుకుని కూర్చుంది. దాని మీద కోళ్లు కూర్చున్నాయి. ఒక రోజు ఆమె కోళ్లని అదిలించి, గుడ్డ లాగి, తాళం పట్టుకుని, బస్సెక్కి సరాసరి తెనాలి వచ్చేసింది.

"ఇన్నాళ్లూ ఎడమ సీట్లో కూర్చున్నాను మాస్టారూ. బాపట్లలో మా అమ్మాయి ప్రశాంతి దగ్గరికి వెళ్లాలన్నా ఈయనకి తీరికుండాలి, తిక్క లేకుండా ఉండాలి. ఈసారి నేనే నడుపుకుంటూ వెళ్తాను" అంది.

కారెక్కగానే ముక్కు ఎగబీల్చింది. "ఇదేంటి, మామిడిపండు వాసన? తోటలింకా పూతకే రాలేదుగా!"

సామ్యేలు సిగ్గుపడుతూ వేపపుల్ల చూపించాడు.

"పొగేనా? మా ఇంట్లో ఒక పొగగొట్టం ఉంది. రెండోది నేను భరించలేను. నేను కార్లో ఉన్నంతసేపూ అది జేబులోనే ఉండాలి."

"అలాగే పిన్నిగారూ" అన్నాడు. అనటం తేలికే. ఆమె మొదటి గేరు బదులు మూడో గేరు వేసినప్పుడల్లా అతని చెయ్యి జేబు మీదికి పోయేది. ఆమె స్టీరింగ్ వదిలేసి ఆ చేతి వంక చూసేది. "రోడ్డు చూడండి పిన్నిగారూ!" అని అరిచేవాడు. "మీరు చెయ్యి దించండి, చూస్తాను" అనేది ఆమె.

బండి కాస్త చేతికి వచ్చాక, రేపల్లెలో తన చెల్లెలింటిదాకా వెళ్లొద్దామంది. జనవరి ఎండ హాయిగా ఉంది. కోతలైపోయిన మాగాణుల్లో మినుము పచ్చగా పరుచుకుంది. భట్టిప్రోలు దగ్గర ఎదురుగా వరిగడ్డి ట్రాక్టరొచ్చింది. రోడ్డంతా అదే. కొండ నడిచొస్తున్నట్టుంది. కనకదుర్గ స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, భద్రంగా కళ్లు మూసుకుంది.

సామ్యేలు, నేర్పేవాళ్ల కోసం తన వైపు పెట్టించిన రెండో బ్రేకు తొక్కి, స్టీరింగ్ ఎడమకి లాగాడు. ట్రాక్టరు కారు అద్దానికి రెండు గడ్డిపరకలు తగిలించి వెళ్లిపోయింది.

"కళ్లు మూసుకుంటే ఎలాగండీ!"

"భయమేసింది."

"భయమేస్తే వేసింది. కళ్లు తెరిచే ఉంచండి. ఎడమకి తీసుకుని నెమ్మదిగా పోనివ్వండి. అదెంతసేపు ఉంటుంది? దాని దారిన అదే దాటిపోతుంది."

ఆ మాటలంటూనే చొక్కా జేబు రెండుసార్లు తడుముకున్నాడు. రేపల్లె చేరి, ఆమె చెల్లెలింట్లోకి వెళ్లగానే ఆత్రంగా వేపపుల్ల తీశాడు. దాని చివర చిన్న దీపం రెండుసార్లు మిటకరించి ఆరిపోయింది. ఛార్జింగ్ లేదు. తీగ తెనాలిలో ఉంది.

ఇక నరాలన్నీ ఒక్కసారి గోల చేశాయి. నాలుక ఎండింది. వీధిలో వెళ్లే ప్రతివాడూ తన మీదికే హారన్ కొడుతున్నట్టుంది. కాళ్లు వాటంతటవే బస్టాండు పక్కన కిళ్లీ కొట్టుకి నడిచాయి. ఒక సిగరెట్ కొన్నాడు. వేలాడే తాడు చివర నిప్పు కణకణలాడుతోంది. సిగరెట్ నోట్లో పెట్టుకుని వంగబోతుంటే వెనక నుంచి వినిపించింది.

"మాస్టారూ!"

కనకదుర్గ. చేతిలో చెల్లెలు కట్టిచ్చిన అరిటాకు పొట్లం. స్కూలు గోడ దూకుతూ దొరికిపోయిన పిల్లాడిలా నిలబడ్డాడు సామ్యేలు. ఆమె తిట్టలేదు. పక్కనే ఉన్న బల్ల మీద కూర్చుంది.

"కాల్చుకోండి. నేనాగుతాను. ఒకటి మాత్రం చెప్పండి, ఆ లాగుడు ఎంతసేపుంటుంది?"

"ఏ లాగుడండీ?"

"కాల్చాలి, కాల్చాలి అనిపిస్తుందే, అది. మా ఆయన్నడిగితే కసురుకుంటారు."

సామ్యేలు ఆలోచించాడు. నిజంగానే తెలీదు. ఎప్పుడైనా ఆగి చూస్తేగా!

"నన్ను ట్రాక్టరు దాటిపోయేదాకా ఉండమన్నారుగా. కళ్లు తెరుచుకునే ఉండమన్నారుగా. మీరూ ఉండి చూడండి. దాటకపోతే కాల్చుకుందురుగాని. సిగరెట్ ఎక్కడికీ పోదు" అంటూ పొట్లం విప్పింది. లోపల వేడివేడి గారెలు.

అతను సిగరెట్ చేతిలో పట్టుకుని ఒక గారె అందుకున్నాడు. రెండోదీ తిన్నాడు. కిళ్లీ కొట్టతన్ని అడిగి చల్లటి నీళ్లు తాగాడు. ఈలోగా బాపట్ల బస్సు వచ్చింది. ఒకావిడ మేకపిల్లని ఎక్కిస్తానంటుంది, కండక్టరు ఎక్కించనంటాడు. ఊరంతా చెరో పక్షం చేరింది. ఆఖరికి మేకపిల్ల తనంతట తనే ఎక్కేసింది. సామ్యేలు పడీ పడీ నవ్వాడు. నవ్వాక చూసుకుంటే నాలుక తడిగానే ఉంది. గోల సద్దుమణిగింది. పూర్తిగా పోలేదు, వీధి చివరికెళ్లి నిలబడ్డట్టుంది, అంతే. సిగరెట్ మాత్రం చేతి చెమటకి మెత్తబడిపోయింది. దాన్ని తుంపి కాలవలో వేశాడు.

అలాగని అక్కడితో కథ సుఖాంతం కాలేదు. వినయ్ దుబాయ్ వెళ్లిపోయాడు. వేపపుల్లలో పోసే మందు నిండుకుంది. ఫోన్లు బాగుచేసేవాడొకడు చెవిలో గుసగుసగా, "మామిడి లేదు గానీ ద్రాక్ష తెప్పిస్తాను సార్, ఎవరికీ చెప్పొద్దు" అన్నాడు. సామ్యేలు ఆ మాట ఇంట్లో చెప్పాడు.

బడిలో టీచరైన రాహేలు మండిపడింది. "మన దేశంలో వాటి అమ్మకమే నిషేధమటండీ. మా బడిలో పిల్లల దగ్గర దొరికితే మా హెడ్‌మాస్టరుగారు చెప్పారు. వారం వారం చర్చికి వెళ్లే మనిషి దొంగసరుకు కోసం గుసగుసలాడటమేంటి? పదండి" అని డాక్టర్ ఫ్లోరెన్స్ దగ్గరికి లాక్కెళ్లింది.

డాక్టరమ్మ అంతా విని నవ్వింది. "మీరు సిగరెట్ మానలేదండీ. దానికి కొత్త బట్టలు కట్టారు. లోపలున్నది అదే నికోటిన్. పైగా రోజంతా పీల్చారు." నికోటిన్ చూయింగ్ గమ్ రాసిచ్చింది. గబగబా నమలకూడదనీ, కాస్త నమిలి బుగ్గన పెట్టుకోవాలనీ, మెల్లమెల్లగా తగ్గించాలనీ చెప్పింది. "ఎప్పుడెప్పుడు బుద్ధి పుడుతోందో గమనించుకోండి. ఆ వేళకి చేతికీ నోటికీ వేరే పని పెట్టండి. ఒకవేళ జారినా కంగారుపడకండి, మళ్లీ మొదలెట్టండి."

సామ్యేలు టీ మానేసి మజ్జిగలో పడ్డాడు. అన్నం తినగానే కుర్చీలో కూలబడే అలవాటు మాని, వీధి చివరిదాకా నడిచొచ్చేవాడు. చొక్కా జేబులో సోంపు పొట్లం పెట్టాడు. చెయ్యి వెళ్తే ఏదో ఒకటి దొరకాలిగా! నేర్చుకునేవాళ్లు మరీ ప్రాణం తీస్తుంటే మంద్రస్థాయిలో కీర్తన ఎత్తుకునేవాడు. "మాస్టారు పాడుతున్నారంటే మనం ఏదో తప్పు చేసినట్టే" అని వాళ్లు జాగ్రత్తపడేవాళ్లు.

మధ్యలో ఒకసారి జారాడు కూడా. ఒకాయన కారుని వెనక్కి పోనిచ్చి కొత్తగా కట్టిన ప్రహరీని గుద్దినప్పుడు. రెండు దమ్ములు లాగి, తలొంచుకుని ఇంటికొచ్చి రాహేలుకి చెప్పాడు.

"పడ్డారు సరే, పడినచోటే పక్కేసుకుని పడుకోరుగా? లేచి కాళ్లు కడుక్కోండి, అన్నం పెడతాను" అంది. ఆ పూట ఆమె చేసిన పప్పుచారు వాసన కాళ్లు కడుక్కునే చోటికే తెలిసింది అతనికి. ముక్కు మళ్లీ పనిచేస్తోందన్నమాట.

మామిడి పిందెలు పడే వేళకి కనకదుర్గకి లైసెన్సు వచ్చింది. ఆ ఆదివారమే బాపట్ల ప్రయాణం. చర్చి అవగానే సామ్యేలు వచ్చి, తోడుగా పక్క సీట్లో కూర్చున్నాడు. వెనక సీట్లో పూర్ణచంద్రరావు తెల్లచొక్కా వేసుకుని, జమీందారులా కాలు మీద కాలేసుకున్నాడు.

పొన్నూరు దాటేదాకా ఆయన నోరు ఆగలేదు. "గేదొస్తోంది. హారన్ కొట్టు. అంత హారనెందుకు, గేదె బెదురుతుంది. పక్కకి తియ్యి. మరీ అంత పక్కకా?"

కనకదుర్గ పళ్లు బిగించి నడుపుతోంది. కాసేపటికి వెనక నుంచి అగ్గిపుల్ల గీసిన చప్పుడు. ఆ వెంటనే వాసన. అసలు సిసలు సిగరెట్ వాసన, కొత్తది అంటించగానే వచ్చేది.

సామ్యేలు ఒళ్లంతా ఆ వాసన వైపు తిరిగింది. పూర్ణచంద్రరావు పెట్టె ముందుకి చాపి, "తీసుకోండి మాస్టారూ, ఈవిడ పక్కన కూర్చోవాలంటే ఇది ఉండాల్సిందే" అన్నాడు.

కారు ఆగింది. ఇండికేటర్ వేసి, అద్దంలో చూసి, పద్ధతిగా రోడ్డు పక్కకి తీసి మరీ ఆపింది కనకదుర్గ.

"దిగండి."

"ఏంటి?"

"దిగి కాల్చుకుని రండి. ఇది నా బండి. ఇందులో పొగ లేదు."

"నీ బండా! కొన్నదెవరు?"

"తాళం నా చేతిలో ఉంది."

పూర్ణచంద్రరావు మాస్టారి వంక చూశాడు. మాస్టారు గమ్ బిళ్ల ఒకటి బుగ్గన పెట్టుకుని మినపచేల వంక చూశాడు. పెద్దాయన చేసేదిలేక దిగి, చెట్టయినా లేని గట్టు మీద ఎండలో నిలబడ్డాడు. గాలి ఇటే కొడుతోంది. పొగ తిన్నగా సామ్యేలు ముఖానికే వస్తోంది. పెట్టె సీటు మీదే వదిలేసి దిగాడు పెద్దాయన, మూత తీసే ఉంది.

"అద్దాలు ఎత్తనా?" మెల్లగా అడిగింది కనకదుర్గ.

"ఎత్తండి పిన్నిగారూ. నాతో ఏదన్నా మాట్లాడండి."

"ఏం మాట్లాడను?"

"ఏదైనా. బాపట్లలో రివర్సు ఎలా పెడతారో చెప్పండి."

ఆమె చెప్పటం మొదలుపెట్టింది. ప్రశాంతి వాళ్ల సందు ఇరుకు, ఎడమ పక్క కరెంటు స్తంభం, కుడిపక్క మురుగ్గుంట. చెబుతూ చెబుతూ స్తంభాన్ని మురుగ్గుంట వైపు మార్చేసింది. సామ్యేలు దిద్దాడు. ఇద్దరూ గాలిలో స్టీరింగులు తిప్పుతూ, సందు ఏ వైపు తిరుగుతుందో వాదించుకున్నారు. వాదన మంచి పాకాన ఉండగా వెనక తలుపు తెరుచుకుంది. పూర్ణచంద్రరావు చెమట తుడుచుకుంటూ కూర్చున్నాడు. సిగరెట్ సగం కూడా కాలినట్టు లేదు.

"ఎండగా ఉంది" అన్నాడు ఎవరూ అడక్కుండానే.

బాపట్లలో సందు నిజంగానే ఇరుకు. ప్రశాంతి గేటు దగ్గర నోరు తెరుచుకుని నిలబడింది. "అమ్మా, నువ్వా!" కనకదుర్గ అద్దం సరిచేసుకుంది. వెనక్కి చూసి, ముందుకి తీసి, మళ్లీ వెనక్కి తీసి, స్తంభానికి జానెడు దూరంలో బండి పెట్టింది. సామ్యేలు కాళ్లు రెండూ సీటు కిందికి ముడుచుకుని కూర్చున్నాడు. తన కారు కాదుగా, తొక్కటానికి తన వైపు బ్రేకే లేదు.

తల్లీకూతుళ్లు కబుర్లాడుకుంటూ లోపలికెళ్లారు. పూర్ణచంద్రరావు మాత్రం దిగలేదు. కాసేపు కిటికీలోంచి స్తంభాన్ని పరిశీలించి, గొంతు సవరించుకున్నాడు.

"బానే పెట్టింది."

"చాలా బాగా పెట్టారండి బాబాయిగారూ."

"ఇందాక బుగ్గన ఏదో పెట్టుకున్నారు, అదేంటి మాస్టారూ?"

సామ్యేలు వెనక్కి తిరిగి చెప్పాడు. పెద్దాయన తలుపు వైపొకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"మందుల షాపులో ఇస్తారా?"

"ముందు మీ డాక్టరుగారితో ఓ మాట అనండి. ఆయన సరేనంటే మొదలుపెడదాం. ఇద్దరం ఉంటే తేలిక."

"దానికి తెలియకూడదు."

"ఎవరికండీ?"

"ఇంకెవరికి, డ్రైవరు గారికి" అన్నాడు పూర్ణచంద్రరావు. అప్పటికే ఆవిడ గుమ్మంలో నిలబడి, భోజనానికి రమ్మని చెయ్యి ఊపుతోంది.