హాజరు పట్టీలో లేనివాడు

అద్దంలో మొహం పెట్టి, ఆ పొద్దుటికి రెండోసారి గడ్డం గీసుకుంటున్నాడు వెనకబెంచి. ఎదురు గీస్తేగానీ ఆ నున్నదనం రాదు. చెంపలు మండిపోతున్నాయి. ముప్పై దాటి ఎన్నాళ్ళో అయినా టీవీలో అతనింకా తొమ్మిదో తరగతే. పెళ్ళినాడైనా మీసం పెంచుకోనివ్వని ఉద్యోగం.

బడికుర్రాళ్ళ తిక్క వేషాల మీద వారం వారం వచ్చే నవ్వుల సీరియల్ అది. గొంతు కీచుమనేవాడు, అమ్మాయి కనిపిస్తే బల్లకు గుద్దుకునేవాడు, ప్యాంటు పొట్టయిపోయినవాడు, ఈ ముగ్గురిదే రాజ్యం. వాళ్ళ వెనక కనిపించే తలకాయల్లో ఇతనిదొకటి. మాట లేదు, పేరు లేదు. సెట్టులో అందరూ వెనకబెంచి అనే పిలుస్తారు.

"మా నాన్న టీవీలో చదువుకుంటున్నాడు" అని కూతురు బళ్ళో గొప్పలు పోతుంది. తెగిన పట్టీ కుట్టించడానికి అతను ఇంటికి తెచ్చిన సెట్టు స్కూలు బ్యాగు మీద ఇప్పుడు స్కెచ్‌పెన్నుతో ఏదో రాస్తోంది.

"ఎవరూ ఎత్తుకుపోకుండా నీ పేరు రాశా నాన్నా. ఇవాళైనా మీ సారు నిన్ను పిలుస్తారా?"

"పిలుస్తార్లేమ్మా. ఈ వారం కథంతా నా మీదేనట."

"పిలిస్తే గట్టిగా పలుకు. నువ్వసలే మెల్లగా మాట్లాడతావు."

సెట్టుకెళ్ళి పొట్ట లోపలికి లాక్కుని యూనిఫాం గుండీలు పెట్టుకున్నాడు. పాత పేపర్లు కుక్కిన బ్యాగు వెనక బెంచి మీద పెట్టి కూర్చోబోతుంటే అసిస్టెంటు డైరెక్టరు వచ్చాడు.

"అన్నా, నువ్వు కూర్చోనక్కర్లేదు. ఒక ఫొటో ఇస్తే చాలు. నువ్వు చచ్చిపోయావు."

చావుకబురు చల్లగా చెప్పడమంటే ఇదే కాబోలు.

"నేనా? ఎలా?"

"ఎలాగన్నది రాయలేదు. జ్వరమో ఏదో. కాస్త ఏడుపుండాలన్నారు పైవాళ్ళు. ముఖ్యమైనవాళ్ళని చంపలేం కదా!"

"మరి వచ్చే వారం?"

"చచ్చినవాడు వచ్చే వారం ఎలా వస్తాడన్నా?" అంటూ తన జోకుకి తనే నవ్వుకుని పోయాడు.

ఒళ్ళు మండిపోయింది వెనకబెంచికి. ఆ లైట్ల వేడిలో ఇన్నేళ్ళు ఉడికాడు. జరగమంటే జరిగాడు, తల దించమంటే దించాడు. ఇప్పుడు పురుగుని దులిపినట్టు దులిపేస్తారా? పళ్ళు నూరుకుంటూ వెళ్ళి కెమెరా పక్కన నిలబడ్డాడు.

సీను మొదలైంది. మాస్టారు వేషగాడు హాజరు తీసుకుంటూ ఆగి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"సార్, పోయినవాడు..." కీచుగొంతు పక్కకి వంగాడు. "ఒరేయ్, వాడి పేరేంట్రా?"

"ఏమోరా, ఎప్పుడూ అడగలేదు" అన్నాడు పొట్టి ప్యాంటువాడు.

కెమెరా వెనక అందరూ నవ్వు ఆపుకుంటూ నోళ్ళు నొక్కుకున్నారు. డైరెక్టరు పొట్ట ఊగిపోతోంది. ఏడుపు సీనులో నవ్వు అదే మరి.

"ఉన్నాను సార్!"

కప్పు అదిరిపోయింది. ఇన్నేళ్ళలో ఆ సెట్టు మీద అతను నోరెత్తడం అదే మొదలు.

"కట్! ఎవడ్రా అది?" అరిచాడు డైరెక్టరు.

"నేనే. చచ్చినవాణ్ణి." కెమెరా ముందుకొచ్చి నిలబడ్డాడు. "చంపేముందు ఒక పేరైనా పెట్టాలని తోచలేదా మీకు? టీవీ ముందు నా కూతురు కూర్చుంటుందండీ! మీ నాన్న పోయాడటగా అని బళ్ళో అడిగితే ఏం చెప్పుకుంటుంది? పేరు కూడా తెలీకుండా పోయాడని చెప్పుకోవాలా?"

ఎవరూ నవ్వలేదు. డైరెక్టరు గడియారం చూసుకున్నాడు. "మళ్ళీ తీద్దాం. సౌండు చూసుకోండి."

వెనకబెంచి యూనిఫాం చొక్కా విప్పి అక్కడే నేల మీద పారేశాడు. తన చొక్కా తొడుక్కుని, ఫొటో అడుగుతూ వెంటపడిన అసిస్టెంటు చేయి విదిలించుకుని బయటికి నడిచాడు. తలుపు దడాలున మూసుకుంది.

"ఆ బ్యాగు తియ్యొద్దు, ఉంటే బాగుంటుంది" అన్నాడు డైరెక్టరు. లైట్లు వెలిగాయి. వాడి పేరేంట్రా అని కీచుగొంతు మళ్ళీ అడిగాడు. ఖాళీ బెంచి మీద బ్యాగు అలాగే ఉంది, స్కెచ్‌పెన్నుతో రాసిన వంకర టింకర అక్షరాలు గోడ వైపుకి తిరిగి.