అత్తగారి తుంటికి పూత

అత్తగారికి తుంటి కీలు అరిగిపోయింది. లోహపు కీలు వేయించుకోమని డాక్టరు ఎంత చెప్పినా ఆవిడ ససేమిరా అంది.

"మా కోడలి ఆఫీసులోనే కదా వాటికి పూత పూసేది! అది ఊడిపోదని తను చెప్పాకే వేయించుకుంటా."

కోడలు ఇరకాటంలో పడింది. ఎముక పట్టుకోవాలని కీలు మీద వేసే ఆ పూత, కొత్త పొడి వాడినప్పట్నుంచి లాగితే పెచ్చులూడుతోంది. ప్లాస్మా అనే మహావేడి మంటలోకి పక్కనుంచి పొడి ఊదితే, రేణువులు కరిగి లోహానికి అతుక్కోవాలి. ఏ రేణువు ఎటు పోతుందో, ఎంత కరుగుతుందో కంప్యూటర్లో లెక్కగట్టడమే ఆమె ఉద్యోగం. లెక్కలో అన్నీ కరుగుతున్నాయి. పూత మాత్రం నిలవట్లేదు.

"మాది ఇంకా తేలలేదు అత్తయ్యా. వేరేవాళ్లవి మంచివే ఉన్నాయి, వేయించుకోండి."

"పరాయివాళ్ల పూత నాకెందుకు? నీది తేలేదాకా ఉంటాలే."

కర్ర పట్టుకుని కుంటుతూనే ఆవిడ కోడలికి టీ తెచ్చిచ్చేది. కోడలు ఆ టీ పక్కన పెట్టుకుని మళ్లీ లెక్కల్లో పడేది.

లెక్కంతా మొదట్నుంచి తిరగేస్తుంటే ఒకరోజు తట్టింది. మంట పొడిని ఏం చేస్తుందో రాసింది గానీ, పొడి మంటని ఏం చేస్తుందో రాయనేలేదు! ప్రతి రేణువూ కాస్త వేడి లాక్కుంటుంది. ఎక్కువ పొడి పడితే మంటే నీరసపడిపోతుంది. రెండు వైపులా కలిపి లెక్కగడితే సగం రేణువులు పచ్చిగానే మిగిలాయి.

"పొడి తగ్గించండి," అంది పూతమేస్త్రీతో.

"పని ఆలస్యమవుతుందండీ."

"అవనివ్వండి."

ఈసారి నమూనా పూతకి పట్టీ అంటించి లాగితే, జిగురే ఊడింది తప్ప పూత కదల్లేదు. మిగతా పరీక్షలూ గట్టెక్కాక ఇంటికి పరుగున వచ్చింది.

"ఊడదు అత్తయ్యా!"

అత్తగారి మొహం వాడిపోయింది. "అప్పుడే తేలిపోయిందా?"

"అదేంటి?"

"పూతదేముందే! ఆపరేషనంటే నాకు భయం. నువ్వింకో రెండేళ్లు పట్టిస్తావనుకున్నా."

కోడలికి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. "మీకోసం నేను తిండీతిప్పలూ మానేస్తే..."

"చూశాగా. అందుకే టీ ఇచ్చా."

ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్లేదాకా కోడలు ఆవిడ చెయ్యి వదల్లేదు. మర్నాడు నర్సు ఆవిడని లేపి నిలబెడితే, కోడలు మళ్లీ చెయ్యి పట్టుకుంది.

"ఇక వదిలెయ్యమ్మా, ఆవిడే నడుస్తారు."

"ఉండనీ," అంది అత్తగారు, కోడలి చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుని. "ఆ కిటికీ దాకా వెళ్లొద్దాం పద."