శేషం చెప్పేది నేను

నేను ఒక శేషం లెక్కను. కంప్యూటర్లు వాడుకునే గణిత లైబ్రరీలో, అంటే ముందే రాసిపెట్టిన లెక్కల కట్టలో, నా కాపురం. ఒక సంఖ్యలోంచి ఇంకో సంఖ్యను తీయగలిగినన్నిసార్లు తీసి, మిగిలింది చెప్పడం నా పని. దశాంశాల దగ్గర కూడికా భాగహారమూ చివరి అంకెను కాస్త పైకో కిందికో జరిపి సర్దుకుంటాయి. నేను సర్దుకోను. పొగరనుకుంటే అనుకోండి.

నన్ను రాసినవాడెవరో ఓపికమంతుడు. ఒక్కో తీసివేతా చేసుకుంటూ నడిచేలా రాశాడు. చేతులు మారి హైదరాబాదులో ఓ కంపెనీకి చేరాక, ఫణీంద్ర అనే టీం లీడరుకి నా నడక నచ్చలేదు. అడుగులన్నీ చెరిపేసి, ఒకే భాగహారంతో తేల్చేసే అడ్డదారి పెట్టాడు. అది ఇంచుమించు ఎప్పుడూ సరిపోయేది. సంఖ్య బాగా పెద్దదై, ఇంకో తీసివేతకు వెంట్రుకవాసి తక్కువలో ఆగితే మాత్రం భాగహారం పైకి సర్దుకుని ఒకసారి ఎక్కువ తీసేసేది. కోణాల లెక్కలో మూడు వందల అరవై డిగ్రీలకి కొంచెం తక్కువ రావాల్సిన చోట, సున్నాకి కొంచెం తక్కువగా మైనస్ వచ్చేది. పరీక్షలో ఇది దొరికింది కూడా. కానీ పరీక్ష తప్పి ఎర్రగా వస్తే పరీక్షనే సడలించడం వీళ్ల అలవాటు. వృత్తం మీద రెండూ ఒకే చోటు కదా అని ఫణీంద్ర దాన్ని పాసైనట్టు ఆకుపచ్చగా మార్చేశాడు.

విశాఖ రేవులో ఓ క్రేను తాను తిరిగిన డిగ్రీలన్నీ కూడుకుంటూ, ఇప్పుడెటు చూస్తున్నానని నన్నడిగేది. ఓ మధ్యాహ్నం నా పేరు మీద మైనస్ వెళ్లింది. ఒక చుట్టు తేడా వచ్చిందనుకుని క్రేను గిర్రున వెనక్కి తిరిగింది. వేలాడుతున్న బరువు తగిలి లారీ క్యాబిను నుజ్జయింది. అదృష్టం బాగుండి లోపల ఎవరూ లేరు. క్రేను నడిపే సింహాద్రిని పనిలోంచి ఆపేశారు.

కారణం వెతికే పని మా కంపెనీలోనే ప్రసూన అనే ఇంజినీరు మీద పడింది. ఆమె ముందు సింహాద్రికే ఫోన్ చేసింది.

"నాను సెయ్యెట్టలేదమ్మా. దానికదే తిరిగిపోనాది," అన్నాడాయన.

ఆమె నమ్మింది. వైర్లనూ మోటారునూ అనుమానించి వదిలేసి, క్రేను దాచుకున్న కోణాలన్నీ ఒక్కొక్కటే నాకు ఇచ్చి చూసింది. ఒకదానికి మైనస్ వచ్చింది. అదే లెక్కను కాగితం మీద పాతపద్ధతిలో తీసివేసి చూసింది. మైనస్ రాలేదు. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను.

"మైనస్ వస్తే ఓ చుట్టు కలుపుకోమని క్రేను వాళ్లకి చెప్దాం. లైబ్రరీని కదపకు, కస్టమర్లు దాని స్పీడు చూసే కొన్నారు," అన్నాడు ఫణీంద్ర.

"మరి రిపోర్టు?"

"డ్రైవరు పొరపాటని రాసేశాం కదా."

"దాని మీద నేను సంతకం పెట్టను ఫణీంద్ర గారూ. ఆయన ఏమీ ముట్టుకోలేదు. ముట్టుకున్నది మనం."

పెట్టలేదు. నా పాత అడుగులన్నీ తిరిగి రాసి, తప్పు లెక్కదేనని రేవుకి తెలియజేసింది. సింహాద్రి మళ్లీ క్రేను ఎక్కాడు. ఫణీంద్ర ఇప్పటికీ నన్ను నత్త అంటాడు. అననివ్వండి. ఈసారి నన్ను కుదించాలని ఎవరికైనా బుద్ధి పుడితే, ముందు వెళ్లి ఆ క్రేను కింద నిలబడమనండి.