పద్నాలుగు అడుగులు

నా భార్య మంచం నుంచి పిల్లల గది గాజు తలుపు దాకా పద్నాలుగు అడుగులు. తర్వాత నేనే నడిచి లెక్కపెట్టాను. కాన్పయిన మూడోనాడు ఆమె పోయింది. ఆ మూడు రోజులూ బిడ్డను ఒక్కసారి పక్కలో పడుకోబెట్టమని అడిగింది. రూలు ఒప్పుకోదన్నాడు సూపర్‌వైజరు. బిడ్డ ఒళ్లు తగలకుండానే తల్లి మట్టిలో కలిసింది. నేను వాణ్ణి క్షమించలేదు. మీరూ క్షమించొద్దు.

ఆ వార్డును ఒక కాంట్రాక్టరు నడిపేవాడు. నెలలు నిండని పిల్లలు ఇరవై ఆరుగురు. వెచ్చబెట్టే పెట్టెలు పదకొండు. షిఫ్టుకు నర్సులు ఇద్దరే. తల్లులు పాలతో తడిసిన రవికెలతో గాజు ఇవతల నిలబడేవాళ్లు.

ఒక పొద్దున పెద్ద సిస్టరు నన్ను లోపలికి పిలిచింది.

"చొక్కా విప్పన్నా."

"నేనా?"

"మరి కాంట్రాక్టరా? పెట్టెలో ముగ్గురిని కుక్కారు, నీ కూతురు బరువు తగ్గుతోంది. నీ ఒంటి వేడి దానికి కావాలి."

సిస్టరు నా భార్య పాత చీరతో చిన్నదాన్ని నా గుండెకు కట్టింది. పిడికెడు పిల్ల. కాసేపటికి నా ఊపిరితో పాటు ఊపిరి తీసుకుంది. పక్క మంచం మీది కుట్టుపని చేసుకునే ఆమె గిన్నెలోకి పాలు పిండి ఇచ్చింది. "మావాడు తాగేది చెంచాడే. మిగతాది నీ పిల్లకు పట్టు, తమ్ముడూ."

నాలుగు రోజుల్లో పిల్ల బరువు పెరిగింది. మిగతా తల్లులు మాకూ కట్టమని సిస్టరు వెంటపడ్డారు. ఐదోనాడు సూపర్‌వైజరు చూశాడు.

"ఇది ఆసుపత్రా, సంతా?"

పిల్లను నా మీంచి ఊడదీయించి మళ్లీ పెట్టెలో పెట్టించాడు. మర్నాడు మధ్యాహ్నానికి సిస్టరు ఉద్యోగం ఆఖరన్నాడు.

ఆ సాయంత్రం బట్టలు ఉతికే తొట్టి దగ్గర అందరం కూడాం.

"పని ఆపేద్దాం" అంది చిన్న సిస్టరు.

"ఆపితే చచ్చేదెవరు, కాంట్రాక్టరా?" అంది కుట్టుపని ఆమె. "వాడి ధైర్యమంతా అదే కదమ్మా."

 పెద్ద సిస్టరు అంది: "చార్జి, అంటే పిల్లల బాధ్యత, ఇంకొకరికి అప్పగించకుండా నర్సు గడప దాటకూడదు. అది వాడి రూలే. పుచ్చుకునేది నర్సే కావాలని మాత్రం ఎక్కడా రాయలేదు."

మర్నాడు మధ్యాహ్నం ఆమె గాజు తలుపు బార్లా తెరిచింది. ఒక్కొక్క తల్లినీ పిలిచి బిడ్డను గుండెకు కట్టింది. బరువెంత, పాలెప్పుడు, ఊపిరి ఎలా చూడాలి, అన్నీ చెప్పి చార్జి పుస్తకంలో వేలిముద్ర వేయించుకుంది. ఆక్సిజన్ మీదున్న ఐదుగురు పెట్టెల్లోనే ఉన్నారు. ఇప్పుడు పెట్టెకు ఒక్కరే. పక్కన తల్లి, కనిపెట్టి చూస్తూ చిన్న సిస్టరు.

పిల్లల్ని ఎత్తుకుపోతున్నారని సూపర్‌వైజరు పోలీసులను పిలిచాడు. ఒక కానిస్టేబులు కుట్టుపని ఆమె వైపు చేయి చాచాడు.

"తీసుకో నాయనా. ముందు నువ్వూ చొక్కా విప్పు. వీడు చలికి ఆగడు."

వాడి చేయి కిందికి దిగింది.

పెద్ద సిస్టరును పట్టుకున్నారు. ఆమె నా కూతుర్ని ఆఖరికి ఉంచింది. రెక్క లాగుతున్నా ముడి సరిచేస్తూ చెప్పింది: "రెండు గంటలకోసారి పాలు. మెడ వంగనీకు. పెదాలు నీలమైతే చిన్న సిస్టరును కేకెయ్యి. తెలిసిందా అన్నా?"

తెలిసిందన్నాను. సంతకం పెట్టాను. ఆమెను తీసుకుపోయారు.

సాయంత్రం ఆక్సిజన్ మీది బిడ్డ ఒకడు పోయాడు. ఆశ లేదని పెద్ద డాక్టరు ముందురోజే చెప్పిన బిడ్డ. ఆఖరి ఘడియలో చిన్న సిస్టరు వాణ్ణి తీసి తల్లి ఒళ్లో పెట్టింది.

"ముట్టుకున్నారు, చంపుకున్నారు" అన్నాడు సూపర్‌వైజరు.

ఆ తల్లి తలెత్తింది. "పెట్టెలో కాదయ్యా, నా ఒళ్లో పోయాడు" అంది. ఇంటికి పొమ్మంటే కదల్లేదు.

తర్వాతి షిఫ్టు నర్సులు వచ్చారు. పిల్లల్ని తిరిగి తీసుకుని తలుపు వేసేయమన్నాడు సూపర్‌వైజరు. వాళ్లలో ఒకామె పుస్తకం తెరిచి వార్డంతా కలయజూసింది.

"చార్జి ఇచ్చేవాళ్లున్నారా?"

తల్లులు గుండెల మీది ముడులు ఇంకా బిగించుకున్నారు. ఆమె పుస్తకం మూసి తల్లుల మధ్య కూర్చుంది.

అప్పుడు నా భార్య చచ్చిన మంచాన్ని నలుగురం ఎత్తాం. పిల్ల గుండె మీద ఉంది, నేను ఒంటిచేత్తోనే పట్టాను. పద్నాలుగు అడుగులు మోసి, ఆ తలుపు ఇక మూసుకోకుండా గడపకు అడ్డంగా వేశాం. బిడ్డ పోయిన తల్లి వచ్చి దాని మీద కూర్చుంది.