కమిటీ బల్ల మీది గంట

నేను ఒక ఇత్తడి గంటను. గుళ్లో వేలాడి దండాలు పెట్టించుకునే రకం కాదు, బల్ల మీద కూర్చుని దెబ్బలు తినే రకం. చూడటానికి బోర్లించిన గిన్నెలా ఉంటాను. నెత్తి మీద ఒక బొడిపె. దాని మీద అరచేత్తో మొట్టితే ఠంగుమంటాను. అందుకే నా బతుకంతా మొట్టికాయలే అని చెప్పుకోవచ్చు. బాధేం లేదు. మొట్టకపోతే నేనూ ఒక బోర్లించిన గిన్నెనే.

అజ్జరంలో వీరేశలింగం అనే కంచరి నన్ను పోతపోశాడు. ఆయనకు నా మోత నచ్చలేదు. "దీని గొంతు కాస్త పెద్దది, ఇంట్లో పెట్టుకోడానికి పనికిరాదు" అన్నాడు. అలా నన్ను రాజమండ్రిలో ఒక లాడ్జికి అమ్మేశాడు. అక్కడ బస చేసినవాళ్లు పొద్దున్నే వచ్చి నన్ను మొట్టి వేడినీళ్లు అడిగేవారు. నేను మోగేదాన్ని. "వస్తున్నాయండీ" అని ఎవరో లోపలి నుంచి అరిచేవారు. నీళ్లు మాత్రం వచ్చేవి కావు. మోగడం వరకే నా పని, ఆ తర్వాత జరిగేది నా చేతిలో లేదు అని అక్కడే నేర్చుకున్నాను. శాసనసభలో కొలువుకు అంతకు మించిన చదువు అక్కర్లేదని తర్వాత తెలిసింది.

లాడ్జి మూతపడ్డాక పాత సామాన్ల కొట్లో కొన్నాళ్లు పడి ఉన్నాను. శాసనసభ కార్యాలయం వాళ్లు కమిటీ గదికి కొన్న కరెంటు గంట మొదటి సమావేశంలోనే పొగలు కక్కిందట. ఒక ఉద్యోగి హడావుడిగా వచ్చి నన్ను పట్టుకుపోయాడు. ఆ రోజు నుంచి కమిటీ అధ్యక్షుల బల్ల మీదే ఉన్నాను.

సభలో బిల్లు ప్రవేశపెట్టడం మీరు టీవీలో చూసే ఉంటారు. కేకలు, చప్పట్లు, బల్లలు చరచడం. అయితే ఏదైనా బిల్లు మీద మరీ పేచీ వస్తే దాన్ని సెలెక్ట్ కమిటీకి పంపిస్తారు. అన్ని పార్టీల నుంచీ కొందరు సభ్యులు మా గదిలో కూర్చుని, సంబంధించినవాళ్లను పిలిచి వాళ్ల మాట వింటారు. తర్వాత ఒక్కొక్క క్లాజూ చదివి, చేతులెత్తి ఓటేస్తారు. ఇరువైపులా చేతులు సమానమైతే అధ్యక్షుల ఓటుతో తేలుతుంది. తేలింది నివేదికగా రాసి సభకు పంపుతారు. చెప్పుకోడానికి ఇంతే.

నన్ను మొట్టిన అధ్యక్షులు చాలామంది. ఒకాయన మాట మాటకూ మొట్టేవాడు, చివరికి ఆయన మాటే ఎవరికీ వినిపించేది కాదు. ఇంకొకాయన టీ కోసం తప్ప నన్ను తాకలేదు. ఆ తర్వాత వచ్చింది లంక వరహాలమ్మ గారు.

విజయనగరం వైపు మనిషి. మండలాధ్యక్షురాలిగా చేసి, మొదటిసారి శాసనసభకు గెలిచింది. అధికార పార్టీయే. ఆమెకు అధ్యక్ష పదవి ఇవ్వడం వెనక గొప్ప ఆలోచనేం లేదు. కొత్త మనిషి, చెప్పినట్టు వింటుంది అనుకున్నారు. కాగితం చూసి చదివేటప్పుడు అచ్చు పుస్తకంలా మాట్లాడేది. కాగితం దించిందంటే విజయనగరం వచ్చేసేది.

ఆమె ముందుకు వచ్చింది వేడుకల శబ్ద నియంత్రణ బిల్లు. దాని పుట్టుక గురించి గదిలో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. బిల్లు తెచ్చిన మంత్రిగారు ఒక ఊళ్లో ప్రారంభోత్సవానికి వెళ్లి ప్రసంగం మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడే ఆ వీధిలోంచి పెళ్లి ఊరేగింపు వెళ్లింది. బ్యాండు మోతకు ముందు మైకు వినపడలేదు. తర్వాత వినేవాళ్లు కూడా కనపడలేదు. జనం లేచి బ్యాండు వెనకాల వెళ్లిపోయారు. మంత్రిగారు తిరిగివచ్చి ప్రజల నిద్ర, చదువు, గుండె ఆరోగ్యం గురించి బాగా ఆలోచించి ఈ బిల్లు తయారు చేయించారు.

ఇందులో మంచి లేకపోలేదు. లారీల మీద మనిషెత్తు సౌండు బాక్సులు పెట్టి, కిటికీ అద్దాలు అదిరేలా ఊరేగే ధోరణికి మూడో క్లాజు కళ్లెం వేసింది. పేచీ అంతా నాలుగో క్లాజుతోనే. డోలైనా, సన్నాయైనా, బ్యాండైనా, ప్రతి వేడుకకూ ముందుగా పోలీసు స్టేషన్లో లైసెన్సు తీసుకోవాలి. లేకపోతే వాయిద్యాలు జప్తు.

బిల్లు వైపు గట్టిగా నిలబడింది భీమవరం వైపు సభ్యుడు నడింపల్లి సుబ్బరాజు గారు. మంత్రిగారికి కావలసినవాడు. ఎదురు నిలిచింది అనంతపురం నుంచి వచ్చిన ప్రతిపక్ష సభ్యుడు ఓబులేసు. సుబ్బరాజు గారి పక్క కుర్చీలో తాతారావు గారు ఉండేవారు. అధికార పార్టీలో పెద్దాయన. కమిటీ గదిలో ఏసీ బాగుంటుందని నిద్రపోయేవారు. సుబ్బరాజు గారి చెయ్యి లేచినప్పుడల్లా నిద్రలోనే ఆయన చెయ్యీ లేచేది. మరో ముగ్గురు సభ్యులుండేవారు. వాళ్లకు మాటలు తక్కువ, బిస్కెట్లు ఎక్కువ.

మొదటి రోజే 'వేడుక' అనే మాట మీద రభస మొదలైంది. చావు వేడుక అవుతుందా కాదా అని.

"సావుకు గూడ డప్పు కొట్టిస్తాం గదప్పా మావైపు," అన్నాడు ఓబులేసు. "దానిగ్గూడ స్టేషన్లో లైసెన్సు దెచ్చుకోవల్లనా? సచ్చేటోడు ముందుగా సెప్పి సావల్లనా?"

"చావు వేడుకెలా అవుతుందండీ బాబూ? ఎవరిదో చావు గురించి మనకెందుకండీ ఇప్పుడు?" అని సుబ్బరాజు గారు.

వరహాలమ్మ గారు నన్ను మొట్టి, "సావులు తీసేయండి. బతికున్నోళ్ల సంగతి సూద్దాం" అంది. చావులు తీసేశారు.

తర్వాతి సమావేశానికి సాక్షిగా నరసరావుపేట నుంచి షేక్ బాజీ వచ్చాడు. గులాబీ బ్యాండు మాస్టరు. బంగారు అంచు కుట్టిన ఎర్ర కోటు వేసుకుని, క్లారినెట్ పట్టుకుని, వెంట డోలు వాయించే యేసుదాసును తీసుకుని వచ్చాడు. గుమ్మం దగ్గర డోలు లోపలికి రానివ్వాలా వద్దా అని కాసేపు మీమాంస జరిగింది. శబ్దం కొలిచే అధికారి ఒకరు యంత్రంతో వచ్చి ఉన్నారు కాబట్టి, కొలవడానికి శబ్దం కావాలి కదా అని రానిచ్చారు.

వేల మంది ముందు ఊదిన బాజీ ఏడుగురి ముందు బిగుసుకుపోయాడు.

"కూకోండి బాబూ," అంది అధ్యక్షురాలు. "మీ ఇబ్బందేటో సెప్పండి."

"అమ్మా, పెళ్లి పెళ్లికీ స్టేషన్‌కెళ్లి నిలబడాలంటే ముహూర్తం అక్కడే దాటిపోద్దమ్మా. ఎస్సైగారు బందోబస్తుకెళ్లారంటారు, రేపు రమ్మంటారు. పెళ్లి రేపటిదాకా ఆగదు కదమ్మా. పోనీ లైసెన్సు లేకుండా వాయించామనుకో, డోలు పట్టుకుపోయి స్టేషన్ గదిలో పడేస్తారు. డోలు తోలంటే ఎలుకలకు పలావమ్మా. మళ్లీ చేతికొచ్చేసరికి చట్రమే మిగులుద్ది. మేం పద్నాలుగు కుటుంబాలోళ్లం దీని మీదే బతుకుతున్నాం."

"బాగానే ఉందండీ," అన్నారు సుబ్బరాజు గారు. "కాస్త మెల్లగా వాయించుకోవచ్చు కదా?"

బాజీ నిజంగానే ఆలోచించాడు. "మెల్లగా వాయిస్తే పెళ్లోళ్లు మాకేమన్నా జబ్బు చేసిందేమో అనుకుంటారు సార్."

కొలుద్దాం అన్నారు. కిటికీలు మూశారు. బాజీ కళ్లు మూసుకుని క్లారినెట్ పెదాలకు పెట్టుకున్నాడు. పెళ్లికూతుర్ని పందిట్లోకి తీసుకువచ్చేటప్పటి వరస ఎత్తుకున్నాడు. యేసుదాసు డోలు అందుకున్నాడు. ఆ గదిలో అప్పటిదాకా 'యథాతథంగా', 'సదరు' లాంటి మాటలే మోగాయి. నా ఇత్తడి సన్నగా దానంతటదే వణికింది. బిస్కెట్ల సభ్యుడొకడు బల్ల కింద కాలితో తాళం వేస్తున్నాడు. సుబ్బరాజు గారి వేళ్లు ఫైలు మీద ఆడుతున్నాయి, ఆయనకు తెలియలేదు. తాతారావు గారు ఉలిక్కిపడి లేచి, అటూ ఇటూ చూసి, జుట్టు సవరించుకుని, "పెళ్లి ఎవరిది?" అని అడిగారు.

పాట ఆగింది. అధికారి యంత్రం చూసి, పరిమితి దాటిందన్నాడు.

"చూశారా! చూశారా అండీ!" అని సుబ్బరాజు గారు లేచి నిలబడ్డారు. "ఏం సూడల్ల? మూసిన గదిలో వాయిస్తే యేదైనా దాటుతాది!" అని ఓబులేసూ లేచాడు. ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు. ఒకరి తండ్రిని ఒకరు తలుచుకునే దాకా వెళ్లింది. ఇక లాభం లేదని వరహాలమ్మ గారు నన్ను ఠంగుమని మొట్టింది. నాకు నక్షత్రాలు కనబడ్డాయి. గది నిశ్శబ్దమైంది.

ఆ నిశ్శబ్దంలో అధికారి గొంతు సవరించుకున్నాడు. యంత్రం ఆపడం మర్చిపోయాడట. పాపం, అబద్ధమాడటం రాని మనిషి.

"మేడమ్, గౌరవ సభ్యుల చర్చ బ్యాండు కన్నా కాస్త ఎక్కువ వచ్చింది. తమరి గంట అన్నిటి కన్నా ఎక్కువ."

వరహాలమ్మ గారు నా వంక చూసింది. "అయితే దీన్నీ జప్తు సేస్తారేటి?"

బాజీ నవ్వబోయి కోటు బొత్తాం వైపు తల దించుకున్నాడు.

ఓటింగు రోజు వచ్చింది. మొదటి క్లాజు, రెండోది గడిచాయి. లారీల మీది బాక్సుల క్లాజుకు అందరూ చేతులెత్తారు. ఇక నాలుగోది. అంతకుముందే మంత్రిగారి నుంచి ఫోను వచ్చింది. అవతలి గొంతు నాక్కూడా వినిపించేంత గట్టిది. "ఏం లేదమ్మా, నాలుగోది అలాగే ఉండాలి. మీకు పెద్ద భవిష్యత్తుంది." ఆమె "అలాగేనండి, సూస్తానండి" అని పెట్టేసి, చీర కొంగుతో మెడ తుడుచుకుంది.

"నాలుగవ క్లాజు యథాతథంగా ఉండవలెనన్నవారు చేతులెత్తండి," అని చదివింది.

సుబ్బరాజు గారిది, బిస్కెట్ల సభ్యులిద్దరిది, తాతారావు గారిది. నాలుగు.

"తొలగించవలెనన్నవారు?"

ఓబులేసుది, మూడో బిస్కెట్ల సభ్యుడిది, మళ్లీ తాతారావు గారిది. మూడు.

కమిటీ కార్యదర్శి లెక్క చూసుకుని తెల్లబోయాడు. ఆరుగురు సభ్యులకు ఏడు చేతులు. వరహాలమ్మ గారు నన్ను మొట్టింది. తాతారావు గారు కళ్లు తెరిచారు.

"తాతారావు గారూ, తమరు రెండువైపులా సెయ్యెత్తారు. మీ ఓటు ఎటు?"

"ఎత్తానా?" ఆయన చేతిని ఎవరిదో అన్నట్టు చూసుకున్నారు. "దేని గురించమ్మా?"

"బ్యాండోళ్లకి లైసెన్సు పెట్టాలా వద్దా అని."

"మొన్న ఊదాడే, ఆ అబ్బాయికేం కావాలంట?"

"వద్దంటన్నాడు."

"అయితే వద్దు. బాగా ఊదాడు."

"పెద్దాయనా! మన పార్టీ..." అని సుబ్బరాజు గారు మోచేత్తో పొడిచారు. పెద్దాయన అప్పటికే కళ్లు మూసుకున్నారు.

మూడు, మూడు. అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె అరచెయ్యి నా మీదే ఉంది, చల్లగా, తడిగా. మొదటిసారి గెలిచిన మనిషి. ఊళ్లో రోడ్డు మంజూరు కావాలన్నా, ఆస్పత్రికి డాక్టరు రావాలన్నా తమ జిల్లా వ్యవహారాలు చూసే ఆ మంత్రిగారి సంతకమే కావాలి. ఇదంతా ఆమె తలలో తిరుగుతోందని ఆ చెయ్యే చెప్పింది.

కాగితం దించింది.

"మండలంలో సేసినప్పుడు సూసేనండీ. ఒక సంతకం కోసం ఆడోళ్లు పిల్లల్ని సంకనేసుకుని పొద్దుగూకేదాకా అరుగుల మీద కూకునీవోరు. ఈ క్లాజు వల్ల బాజాల మోతేటి తగ్గదు. మోగించేముందు ఒకడి కాళ్లట్టుకోవాలి, అంతే. ఆ పని సెయ్యడానికి మనకి ఓట్లెయ్యలేదు. నా ఓటు తీసేయమని."

"నాకేటవుతాదో అవుతాది" అని మెల్లగా అంది. అది నాకూ కార్యదర్శికీ మాత్రమే వినబడింది. ఆయన దాన్ని నమోదు చెయ్యలేదు. మంచివాడు.

సుబ్బరాజు గారు అసమ్మతి పత్రం రాశారు. అది నివేదిక కన్నా పొడుగొచ్చింది. మంత్రిగారు ఆమెతో మాట్లాడటం మానేశారు. ఆమె రోజూ వచ్చి, ఫోను బల్ల మీద పెట్టుకుని, అది మోగుతుందేమోనని చూసేది. తమ ఊరి రోడ్డు ఫైలు కదల్లేదని కార్యదర్శితో అంది ఒకసారి.

అయితే పత్రికలన్నీ కమిటీ నిర్ణయాన్ని మెచ్చుకున్నాయి. బ్యాండువాళ్లు ఊరూరా సంబరాలు చేసుకున్నారు. దాంతో సభలో మంత్రిగారే లేచి, నాలుగో క్లాజు లేకుండానే బిల్లు ఆమోదించమని కోరారు. బిల్లు గడిచింది. ఆ తర్వాత ఏం జరిగిందో ఓబులేసు మా గదికి వచ్చి మరీ చెప్పాడు.

"అక్కా, ఇన్యావా? బ్యాండోల్ల సంఘమంతా గల్సి మంత్రికి సన్మానం జేసినారంట. శాలువాలు, పూలదండలు, ఊరేగింపు. లైసెన్సు తీసేయల్లనేది మొదట్నుంచి నా ఆలోచనే అని మైకులో సెప్పినాడంట!"

వరహాలమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. కాదు, నవ్వుతోంది. భుజాలు ఊగిపోయేలా, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది.

"పోన్లెండి బాబూ. సన్మానం ఆయనకవుతే అయ్యింది. ఇంక మా రోడ్డుకి సంతకమెట్టేస్తాడు."

పెట్టాడు కూడా. సంతోషంగా ఉన్న మంత్రి సంతకం తొందరగా పడుతుంది.

కొన్నాళ్లకు మా గదిని ఆధునికం చేస్తామని మనుషులొచ్చారు. ప్రతి సభ్యుడి ముందూ మైకు, ఓటుకు పచ్చ మీట, ఎర్ర మీట. అధ్యక్షుల ముందు మీటల వరస. నన్ను తీసి అట్టపెట్టెలో పడేశారు. గోదాము యోగం పట్టిందనుకున్నాను. మైకులు బిగించిన కుర్రాడు వరహాలమ్మ గారికి ఉత్సాహంగా వివరిస్తున్నాడు.

"ఇక అరుపులు, గంటలు ఏమీ ఉండవు మేడమ్. ఎవరైనా ఎక్కువ మాట్లాడితే మీరిక్కడ నొక్కండి. వాళ్ల మైకు ఆగిపోతుంది."

"ఎవరిదైనా?"

"ఎవరిదైనా మేడమ్."

"మంత్రిగారొచ్చి కూకున్నారనుకో. ఆయనదీ ఆగుతాదా?"

కుర్రాడు మీటల వంక చూశాడు, తలుపు వంక చూశాడు, గొంతు తగ్గించాడు. "మంత్రిగారి మైకుకు వైరు వేరేగా వేయమన్నారు మేడమ్. అది ఇక్కణ్ణుంచి ఆగదు."

ఆమె వంగి, అట్టపెట్టెలోంచి నన్ను తీసి, కొంగుతో తుడిచి, మీటల వరసకు ముందు పెట్టింది.

"అయితే దీన్ని ఇక్కడే ఉండనియ్యండి బాబూ."