గేరు చెయ్యి

రక్తం గొట్టాలు ఒక పక్క, కఫం డబ్బాలు ఇంకో పక్క, మూత్రం సీసాలు నిలువుగా, మిగిలినవి అన్నిటికంటే అడుగున. ఇరవై రెండేళ్లుగా అదే వరుస. ఉదయం ఏడున్నరకి మొదటి క్లినిక్ మెట్ల ముందు డిక్కీ తెరిచి, ఐసు పెట్టెలో వాటిని సర్దుతూ అతను ముఖం పక్కకి తిప్పుకున్నాడు. మూత సరిగ్గా బిగించని సీసా రోజూ ఒకటైనా ఉంటుంది, ఆ రోజూ ఉంది. చేతి తొడుగు మీద పసుపు చుక్క పడింది. దాన్ని విప్పి పారేసి, కొత్తది తొడుక్కుని, నమ్మకం చాలక దాని మీద మరొకటి తొడుక్కున్నాడు.

"ఛీ, మూత బిగించడానికి కూడా చదువు కావాలా," అన్నాడు గోడతో.

ల్యాబులో అందరూ అతన్ని ఛీబాబాయ్ అంటారు, మొహం మీదే. అతను పట్టించుకోడు. తమ లోపల్నించి వచ్చిందాన్ని డబ్బాలో పెట్టి, పైన పేరు రాసి, ఇంకొకరి చేతికిచ్చి హాయిగా ఇంటికి పోయే మనుషులంటే అతనికి మొదటి నుంచీ రోత. ఇంట్లో మాత్రం ఏం తక్కువ? టీ మీద తేలే మీగడ, దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకలు, టీవీ చూస్తూ పళ్లు కుట్టుకునే బావమరిది. భార్య కాపురానికి వచ్చిన కొత్తలో ఏడ్చింది. ఇప్పుడు దువ్వెన దాచిపెట్టి ఊరుకుంటోంది.

ఇంత చీదర మధ్య అతనికి ఇష్టమైనది ఒక్కటే, కారు నడపడం. అది కంపెనీ కారే, ముసలిదే. అయినా వంతెన ఎక్కేటప్పుడు రెండు నుంచి మూడుకి గేరు జారిపడే ఆ క్షణంలో అతనికి లోకం మీద కోపం ఉండదు. అప్పుడు అతని ముఖం చూసినవాడు ఎవడూ లేడు గానీ, చూస్తే ఛీబాబాయ్ అని పిలవడు.

ఆరు నెలలుగా ఆ ముచ్చటా పోయింది. భుజం బిగుసుకుపోయింది. చెయ్యి ముందుకి చాస్తే సగంలోనే కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. ఒకటి, మూడు, అయిదు, మూడూ ముందుకి తోసే గేర్లే. పాత కారు కదా, రాడ్డు పొడుగు, తోయాల్సిన దూరమూ ఎక్కువే. పూర్తిగా తోయలేక సగంలో వదిలేస్తే గేరు కరకరమని అరుస్తుంది. పిల్లల క్లినిక్ వాళ్లు ఆ మోత గురించి ఫిర్యాదు చేశారు. మధ్యాహ్నం మూడింటికి సూపర్‌వైజరమ్మ పక్కన కూర్చుని అతను నడపడం చూస్తుందట. ఆవిడకి నచ్చకపోతే కారు వేరేవాడి చేతికి పోతుంది.

పొద్దున అతనికి చొక్కా తొడుగుతూ భార్య అడిగింది.

"గేరు చెయ్యి ఎలా ఉంది?"

వాళ్లింట్లో కుడి ఎడమలు లేవు. ఉన్నది గేరు చెయ్యి, రెండో చెయ్యి.

"ఈ రోజుతో బాగుపడుతుంది," అన్నాడు.

అతని లెక్క సులువు. చెయ్యి అంత దూరం పోలేకపోతే, ఆ దూరాన్నే తగ్గించాలి. అందుకే పదకొండింటికి మొదటి విడత డబ్బాలు ల్యాబులో దింపేసి, సామాన్ల వీధిలో పానా అక్క కొట్టుకి వెళ్లాడు. ఆవిడ కొట్టులోనే సామాను అమ్ముతుంది, వెనక షెడ్డులో తనే బిగిస్తుంది. గేరు రాడ్డుని కురచ చేసే సరంజామా పెట్టుకుంది ఆ వీధిలో ఆవిడ ఒక్కతే.

లోపల అడుగుపెట్టగానే ముక్కు మూసుకున్నాడు. ఎర్రలైట్లు వెలిగే పుర్రె ఆకారపు గేరు పిడులు, చక్రాలకి తగిలించే నకిలీ తళుకులు, నిమ్మకాయ పేరు చెప్పి నిమ్మకాయ ఎరగని వాసన కొట్టే అట్టముక్కలు. కురచ రాడ్లు గాజు కింద వరసగా ఉన్నాయి. ఒకదాని మీద మంటలు చెక్కారు. ఇంకోదానికి పోటీ జెండా గళ్లు.

"మంటలు లేనిది లేదా?"

"ఉంది. ఇదిగో, అన్నిట్లోకీ చవక. పై కర్ర కోసి కురచ చేశారు, అంతే. ఇది ఇంకాస్త ఖరీదు, ఇందులో కీలు పైకి జరిపారు, పై కర్ర పొడుగు అలాగే ఉంటుంది," అంది పానా అక్క, గ్రీజు చేతుల్ని అంతకంటే మురికి గుడ్డకి తుడుచుకుంటూ. "ఎందుకన్నయ్యా మీకు? నిన్న వచ్చినవాడికి పందేల పిచ్చి. మీకేం పిచ్చి?"

భుజం నొప్పి అని చెబితే సరిపోయేది. కానీ ఆ వీధికీ ల్యాబుకీ ఎంత దూరం? ఈ నోటి మాట ఆ చెవికి చేరడానికి పూటైనా పట్టదు. పైగా జాలిపడే ముఖం చూడటం అతనికి అన్నిటికంటే అసహ్యం.

"స్పీడు కోసం," అన్నాడు.

పానా అక్క అతన్ని కింద నుంచి మీదికి ఒకసారి చూసింది. ఇస్త్రీ చొక్కా, నెరిసిన మీసం, బయట కారులో ఐసు పెట్టె. నవ్వు ఆపుకుంది పాపం.

"ఏది వేసినా దూరం తగ్గినకొద్దీ బరువు పెరుగుతుంది. కోసింది మరీ గట్టిగా ఉంటుంది. నన్నడిగితే ఇవేవీ వద్దు. మీ కారుకి అడుగున బుష్‌లు అరిగిపోయి ఉంటాయి. అవి మారిస్తే వెన్నలా పడుతుంది."

నల్లటి రబ్బరు ముక్కలు రెండు అరచేతిలో పెట్టి చూపించింది. సీసా మూతలంత ఉన్నాయి, జిడ్డుగా, ఎవరో నమిలి ఉమ్మినట్టు. అతను ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఛీ, అవి నాకొద్దు. ఆ చవకది బిగించమ్మా."

గంటలో అయిపోయింది. కారు ఎక్కి చూస్తే పిడి మోకాలి దగ్గరకి దిగిపోయింది. ఒకటి నుంచి రెండుకి జానెడు దూరం కూడా లేదు. నొప్పి లేకుండా చెయ్యి అందినంత మేరలోనే అన్ని గేర్లూ ఉన్నాయని సంబరపడ్డాడు. ఆ సంబరం వీధి చివరి వరకూ ఉంది. అక్కడ మూడోది వేయబోతే రాడ్డు గోడలో దిగ్గొట్టిన మేకులా నిలబడింది. ఒళ్లంతా కూడదీసుకుని నెడితే పడింది. భుజంలోంచి వేళ్ల దాకా నిప్పు పాకింది.

రెండో విడత డబ్బాలు ఇంకా తేవాలి, మళ్లీ మార్పించుకోవడానికి వ్యవధి లేదు. మూడింటికి సూపర్‌వైజరమ్మ ఒళ్లో కాగితం పెట్టుకుని పక్కన కూర్చుంది. అతని కూతురి వయసుంటుంది. కారంతా తియ్యటి అత్తరు నిండింది. అతను కిటికీ దించాడు.

మొదటి రెండు మలుపులూ గడిచాయి. గేరు అరవలేదు. ఆవిడ ఏదో రాసుకుని, "చప్పుడేం లేదే, ఊరికే అన్నారు," అంది. అతని నుదుటి మీద చెమట కణతల దాకా కారింది. తన చెమట వాసన తనకే తగిలి వెగటు పుట్టింది.

వంతెన వచ్చింది. ముందు లారీ నెమ్మదించింది, మూడు నుంచి రెండుకి లాగాడు. లారీ కదిలింది, మళ్లీ మూడుకి తొయ్యాలి. చెయ్యి మాట వినలేదు. వెనక హారన్లు మొదలయ్యాయి. అతను స్టీరింగు వదిలేసి, రెండో చేతిని కూడా తెచ్చి, రెండు చేతులతో రాడ్డుని తోశాడు. కారు పక్కకి పోయి, రెయిలింగుకి జానెడు దూరంలో ఆగిపోయింది. వెనక ఐసు పెట్టె బోర్లా పడిన చప్పుడైంది.

సూపర్‌వైజరమ్మ అరవలేదు. అరిచినా బాగుండేది.

"దిగి ఇటు రండి. నేను నడుపుతాను."

సీట్లు మారారు. ఇరవై రెండేళ్లలో ఆ కారులో పక్క సీట్లో కూర్చోవడం అతనికి అదే మొదలు. ఆవిడ గేరు వేయబోయి ఆగింది.

"అమ్మో, ఇంత గట్టిగా ఉందేంటండీ. ఇన్నాళ్లూ ఇలాగే నడిపారా?"

ఆవిడ ముఖంలోకి జాలి వచ్చింది. అతను కిటికీ వైపు తిరిగాడు.

ల్యాబు ముందు కారు ఆపి ఆవిడ మెల్లగా అంది. "మిమ్మల్ని తీసెయ్యమని నేను రాయను బాబాయ్. రేపట్నుంచి లోపల బల్ల దగ్గర కూర్చోండి. డబ్బాల మూతలు తీసి, లోపలున్నది చూసి వేరు చెయ్యడమే. కూర్చుని చేసే పని."

రోజంతా మూతలు తీయడం. రోజంతా లోపలున్నది చూడటం. మంచిదే చేశానని ఆవిడ అనుకుంటోందని అతనికి తెలుసు. అందుకే తిట్టలేకపోయాడు.

"నాకు సరిపడదమ్మా," అన్నాడు. జేబులోంచి కారు రెండో తాళంచెవి తీసి డాష్‌బోర్డు మీద పెట్టాడు. దిగి, వెనక డిక్కీ తీసి, బోర్లాపడ్డ పెట్టెని వట్టి చేతులతో నిలబెట్టి, చేతులు చొక్కాకి తుడుచుకుని నడవడం మొదలుపెట్టాడు.

బస్టాపు చేరాక గానీ అరికాళ్లు కాలుతున్నాయని తెలియలేదు. క్లచ్ చర్మానికి తెలియాలని అతను ఎప్పుడూ వట్టి కాళ్లతోనే నడుపుతాడు. వెనక్కి వెళ్తే ఆ జాలి ముఖం మళ్లీ చూడాలి. కాలు మార్చి కాలు మీద నిలబడ్డాడు, బస్సు రాగానే ఎక్కేశాడు.

సూపర్‌వైజరమ్మ కారుకి తాళం వేసి లోపలికి వెళ్లిపోయింది. డ్రైవరు సీటు కింద, మడమలు వెనక్కి, వేళ్లు పెడల్స్ వైపు పెట్టుకుని, మట్టి మరక లేని జత చెప్పులు ఉన్నాయి.